మేస్త్రీ ఒప్పుకుంటేనే ఇంటికి

ప్రశ్న: మాది హైదరాబాద్. మావారు పన్నెండేళ్ల కిందట మొదలుపెట్టిన హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు కంపెనీని, ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. మాదాపూర్, గచ్చిబౌలి వైపు తొమ్మిది ఆఫీసులు, ఒక ప్రైవేటు ఆసుపత్రి మా చేతిలో ఉన్నాయి. పనివాళ్లు మొత్తం 310 మంది. వాళ్లలో మూడోవంతు ఒడిశా, జార్ఖండ్, అస్సాంల నుంచి వచ్చినవాళ్లు. మా పెద్ద క్లయింటు ఒక లండన్ కంపెనీకి ఇక్కడి శాఖ. ఈ మధ్య వాళ్లు 46 ప్రశ్నల ఫారం పంపారు. మా దగ్గరా, మాకు సరుకు ఇచ్చేవాళ్ల దగ్గరా 'ఆధునిక బానిసత్వం' లేదని రాసి సంతకం పెట్టాలట. చదివితే నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. మేం జీతాలు బ్యాంకులో వేస్తాం, పీఎఫ్, ఈఎస్‌ఐ కడతాం, ఎవరినీ కట్టేసి పని చేయించడం లేదు. తెలిసినాయన ఒకరు వేరే కంపెనీ పాలసీ పంపి, పేరు మార్చి ఇచ్చేయమన్నారు. అలా ఇవ్వవచ్చా? ఇంకొక చిన్న విషయం. పోయిన నెల ఒక ఒడిశా అమ్మాయి ఇంటికి వెళ్లిపోతానంటే, మేస్త్రీ ఇచ్చిన పదిహేను వేల అడ్వాన్సు తీరలేదని, అతను ఒప్పుకుంటేనే పంపాలని మా సూపర్‌వైజర్ ఆపాడట. ఇలాంటివి కూడా ఆ ఫారంలో రాయాలా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని నేను చివరి నుంచి మొదలుపెడతాను. ఆ ఒడిశా అమ్మాయి సంగతిని మీరు 'చిన్న విషయం' అన్నారు. 46 ప్రశ్నలూ కలిసి అడుగుతున్నది ఆ విషయాన్నే. ఫారం ఇంగ్లిషులో వచ్చింది కాబట్టి అదేదో లండన్ వాళ్ల గొడవలా కనిపించింది. దాన్ని మన మాటలో వెట్టి అనుకోండి, వెంటనే అర్థమైపోతుంది. 1940లలో తెలంగాణ పల్లెలు లేచి నిలబడింది ఆ వెట్టి మీదే. అప్పుడు దొర ఉన్నాడు, గడీ ఉంది, ఎవరి మీద తిరగబడాలో తెలిసేది. ఇప్పుడు ఉన్నవి ఒక అడ్వాన్సు, ఒక మేస్త్రీ, ఎనిమిది మంది పడుకునే ఒక గది. ఆ మేస్త్రీ మీ కంపెనీ ఉద్యోగి కూడా కాకపోవచ్చు. అయినా ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాలా వద్దా అన్నది అతనే తేలుస్తున్నాడు.

'ఎవరినీ కట్టేసి పని చేయించడం లేదు' అన్నారు. కార్మిక శాఖలో నేను పనిచేసిన ఇరవై ఏడేళ్లలో ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చెప్పినవాళ్లలో చాలామంది అబద్ధాలాడేవాళ్లు కారు. వాళ్లకు తెలియదు, అంతే. తాడు కోసం వెతికితే తాడు ఎప్పుడూ దొరకదు. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం తాడు గురించి మాట్లాడనే లేదు. అడ్వాన్సు తీసుకున్నందుకు బదులుగా ఒక మనిషి వేరే పనికి వెళ్లే స్వేచ్ఛనో, తిరిగే స్వేచ్ఛనో, తన శ్రమకు మార్కెట్ ధర అడిగే హక్కునో పోగొట్టుకుంటే అది వెట్టిచాకిరి అని ఆ చట్టం చెప్పింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి పోయినా చాలు. ఉత్తరంలో మీరు రాసినదే నిజమైతే ఆ అమ్మాయి విషయంలో మొదటి రెండూ పోయాయి.

అందుకే ఫారాన్ని కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ అమ్మాయి పని చూడండి.

మీరు చేయబోయే మొదటి తప్పు ఏమిటో ఊహించగలను. మంచి మనసుతో మేస్త్రీ చేతిలో పదిహేను వేలు పెట్టి, 'తీసుకో బాబూ, పిల్లను వదిలెయ్' అంటారు. అలా చేయవద్దు. వెట్టి షరతుతో ఇచ్చిన అప్పు చట్టం దృష్టిలో రద్దయిపోయిన అప్పు. దాన్ని వసూలు చేసుకోవడం కూడా నేరమే, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. మీరు కడితే లేని అప్పును ఉన్నట్టు ఒప్పుకున్నట్టవుతుంది. పైగా మీ కంపెనీ దగ్గర మనిషిని ఆపితే డబ్బు రాలుతుందని మేస్త్రీకి తెలిసిపోతుంది. ఆ అమ్మాయి జీతంలో కోసి అతనికి ఇవ్వడమూ ఇంతే, ఇంకా అన్యాయం.

రెండో తప్పు, కోపంతో మేస్త్రీని పిలిచి అరవడం. అతను వెంటనే ఫోను తీసి ఆ అమ్మాయి ఊళ్లో తల్లిదండ్రులకు చేస్తాడు. అందుకే ముందు అమ్మాయితో మాట్లాడాలి. ఒడియా వచ్చిన ఆడమనిషిని బయటి నుంచి తీసుకువెళ్లండి. సూపర్‌వైజర్‌ను దుబాసీగా పెట్టుకోవద్దు, ఆపినవాడే అతను. ఆమె కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయి, ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉంది, ఇప్పుడు పడుకుంటున్న గది ఎవరిది అని అడగండి. వెళ్లిపోతానంటే రావలసినదంతా లెక్కకట్టి రెండు పనిదినాల్లో ఇవ్వాలి. రాజీనామా చేసినవాళ్లకు కూడా ఆ గడువే వర్తిస్తుందని వేతనాల కోడ్‌లో ఉంది. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి, మీ అకౌంటెంటు ఇంకా పాత చట్టాల పుస్తకం చూస్తుంటే మార్చమనండి. కాగితాలు లాక్కున్నట్టో, బెదిరించినట్టో, కొట్టినట్టో తెలిస్తే ఇక అది మీ ఆఫీసులో తేలే విషయం కాదు. కలెక్టరు లేదా ఆర్డీఓ దగ్గరకు వెళ్లాలి. వాళ్లు విచారించి విడుదల పత్రం ఇస్తే ఆ అమ్మాయికి ప్రభుత్వ పునరావాస సాయం అందుతుంది. మీరే చెప్పి పంపేస్తే ఆ పత్రం ఉండదు, సాయమూ ఉండదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఈ పనిలో ఉచితంగా తోడుంటుంది. అత్యవసరమైతే 112 ఎలాగూ ఉంది.

మేస్త్రీ కోర్టులో 'అడ్వాన్సు ఇచ్చిన మాట నిజమే, కానీ వెట్టి కాదు' అంటాడనుకోండి. కాదని నిరూపించుకోవలసిన భారం అప్పిచ్చినవాడి మీదే ఉంటుంది. ఈ చట్టంలో నాకు బాగా నచ్చే విషయం ఇదే. నిరుపేద కూలీని సాక్ష్యాలు తెమ్మని వేధించకుండా, చేతిలో డబ్బున్నవాడిని లెక్క చెప్పమంది.

ఇప్పుడు మీ కంపెనీ సంగతి. 1982లో ఢిల్లీలో ఏషియాడ్ జరిగింది. స్టేడియాలు, ఫ్లైఓవర్లు కట్టడానికి రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒడిశా వంటి చోట్ల నుంచి కూలీలను తెచ్చారు. అప్పటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టర్లు ఆ మొత్తాన్ని పూర్తిగానే ఇచ్చారు. అయితే ఇచ్చింది కూలీలను తెచ్చిన జమాదార్ల చేతికి. జమాదారు మనిషికి రూపాయి చొప్పున తన కమీషను తీసుకుని 8 రూపాయల 25 పైసలు పంచేవాడు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేస్తున్న మనిషి ఇష్టంతో చేస్తున్నట్టు కాదని, ఆకలీ పేదరికమూ కూడా బలవంతమేనని, కాబట్టి అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు రాశారు. రోజుకు ఒక్క రూపాయి దగ్గర మొదలైన విషయం అక్కడికి చేరింది.

మీరు జీతం బ్యాంకులో వేస్తున్నారు కాబట్టి జమాదారు రూపాయి మీ దగ్గర లేదనుకుంటున్నారు. నేను ఉద్యోగంలో ఉండగా ఒక పెద్ద ఆఫీసు భవనానికి తనిఖీకి వెళ్లాను. కాంట్రాక్టరు రిజిస్టర్లు కళ్లకద్దుకునేలా ఉన్నాయి. మస్టరు, వేతనాల పట్టీ, బ్యాంకు స్టేట్‌మెంటు, ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. సంతకం పెట్టి లేవబోతుంటే, టీ తెచ్చిన కుర్రాడు మెల్లగా 'సార్, ఏటీఎం పిన్ మార్చాలంటే ఎలా?' అని అడిగాడు. నీ పిన్ నీకు తెలియదా అంటే నవ్వాడు. సెల్లారులో సూపర్‌వైజర్ బీరువా తెరిపిస్తే స్టీలు టిఫిను డబ్బాలో రబ్బరు బ్యాండు చుట్టిన నలభై కార్డులు దొరికాయి. ప్రతి కార్డు వెనక స్కెచ్ పెన్నుతో పిన్ నంబరు రాసి ఉంది. నెలనెలా ఏడో తేదీన సూపర్‌వైజరే డబ్బు తీసి, గది అద్దె, బియ్యం, అడ్వాన్సు కంతు, తన 'సర్వీసు' కోసుకుని మిగిలింది పంచేవాడు. కాంట్రాక్టరు నిజంగానే నిర్ఘాంతపోయాడు. చూడకపోవడమే ఆయన తప్పు. రిజిస్టరులో లేనిదేదీ లోకంలో లేదనుకున్నాడు.

ఇది మన దగ్గరే జరిగే చోద్యమూ కాదు. ఇంగ్లండులో 2019లో బయటపడిన ఒక కేసులో పోలండు నుంచి తెచ్చిన పేదలను, ఇల్లూ వాకిలీ లేనివాళ్లను ఒక ముఠా పొలాల్లో, చెత్త వేరుచేసే కేంద్రాల్లో పనికి పెట్టింది. బాధితులు నాలుగు వందలకు పైగా ఉంటారని అంచనా వేశారు. పని ఇచ్చిన సంస్థలు జీతాలు బ్యాంకులోనే వేశాయి. ఖాతాలు తెరిపించిందీ, కార్డులు దాచుకున్నదీ ముఠా.

కాబట్టి మీ అకౌంటెంటుకు ఒక మధ్యాహ్నం పని చెప్పండి. జీతాల ఫైలు తెరిచి మూడు విషయాలు వెతకమనండి: ఒకే బ్యాంకు ఖాతాకు ఇద్దరి జీతం వెళ్తోందా, ఒకే ఫోను నంబరు పలువురి పీఎఫ్ రికార్డుల్లో ఉందా, ఒకే చిరునామా ఎంతమందికి ఉంది. ఊరి నుంచి కలిసి వచ్చినవాళ్లు ఒకే గదిలో ఉండటం సహజమే, తప్పేమీ కాదు. కానీ ఇరవై ఇద్దరి పేర్ల పక్కన ఒకే ఫోను నంబరు కనిపిస్తే అది మేస్త్రీదే అయి ఉంటుంది. పీఎఫ్ డబ్బు తీసుకోవడానికి వచ్చే ఓటీపీ కూడా అతని ఫోనుకే వెళ్తుందన్న మాట. ఈ ఒక్క వెతుకులాట ఏ ఆడిటరు రాసే నలభై పేజీల నివేదిక కన్నా మీకు ఎక్కువ చెబుతుంది. ఖర్చు కూడా ఒక పూట జీతమే.

తరువాత గదులు చూడాలి. తెల్లవారుజామున, మొదటి షిఫ్టు బయలుదేరకముందు మీరే వెళ్లండి. ముందుగా చెప్పి వెళితే దుప్పట్లు ఉతికి పెడతారు. అద్దె ఎవరు తీసుకుంటున్నారు, తలుపుకు తాళం బయట వేస్తారా లోపల వేసుకుంటారా, ఆదివారం బయటికి వెళ్లాలంటే ఎవరినైనా అడగాలా, ఇవి చూడండి. వచ్చినప్పుడు ఆధారు కార్డు ఎవరికి ఇచ్చారని అడగండి. నకలు తీసుకుని అసలు తిరిగి ఇవ్వడం మీ కంపెనీలో నియమమై ఉండవచ్చు. 'వెరిఫికేషన్‌కు పంపాం' అంటూ ఏడాదిగా అసలు కార్డు ఇవ్వని సూపర్‌వైజర్ ఒకడు ఎక్కడో ఉంటాడు. పద్దెనిమిది నిండని పిల్లలు కనిపిస్తే వెంటనే పని ఆపించి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి, అక్కడ ఆలోచించడానికేమీ లేదు.

పనివాళ్లు మీతో మొదటిరోజే నోరు విప్పరు. 'అంతా బాగుంది మేడమ్' అంటారు. మూడోసారి వెళ్లినప్పుడు ఎవరో ఒకరు హోల్డ్ జీతం గురించి చెబుతారు. ఈ మాట మీకు కొత్త కాదు. మొదటి నెల జీతంలో సగమో, పదిహేను రోజులో 'హోల్డ్'లో పెట్టి, మానేసేటప్పుడు ఇస్తామనడం మీ వ్యాపారంలో అందరికీ అలవాటు. చెప్పకుండా మానేస్తారని భయం. మీ భయం నాకు అర్థమవుతుంది, ఉదయం ఆరింటికి ఆసుపత్రి వార్డులో మనిషి లేకపోతే క్లయింటు ఫోను మీకే వస్తుంది. అయినా ఆ హోల్డ్ మనిషిని కట్టేసే తాడే. యూనిఫాం డిపాజిట్టు, 'ట్రైనింగ్ ఫీజు', ఉద్యోగం ఇప్పించినందుకు మేస్త్రీ తీసుకునే రెండు వేలు, వీటిదీ అదే వరస. ఈ నెల నుంచే ఎత్తేయండి. మనిషిని తెచ్చినందుకు మేస్త్రీకి డబ్బు ఇవ్వవలసి వస్తే కంపెనీయే ఇవ్వాలి, రసీదు తీసుకుని ఇవ్వాలి. పనివాళ్ల నుంచి పైసా తీసుకోకూడదని అతనితో రాయించుకోవాలి. ఆ కాగితం ఒడియాలో, హిందీలో, తెలుగులో గదుల గోడలకు అంటించండి, కింద మీ సొంత ఫోను నంబరు వేయండి. సూపర్‌వైజర్ నంబరు వేస్తే వేయనట్టే.

అడ్వాన్సే ఇవ్వకూడదా అని అడుగుతారేమో. ఇవ్వవచ్చు. ఇంట్లో జబ్బు, పెళ్లి, పురుడు, మనుషులకు అవసరాలు వస్తాయి. మీరు ఇవ్వకపోతే మేస్త్రీ దగ్గరకే వెళతారు, అది ఇంకా చెడ్డది. కంపెనీ పేరుతో, ఒక నెల జీతం దాటకుండా, రాతపూర్వకంగా, వడ్డీ లేకుండా ఇవ్వండి. చిన్న కంతుల్లో తీసుకోండి. మధ్యలో మానేస్తే ఆఖరి లెక్కలో సర్దుబాటు అయినంత అవుతుంది, మిగిలింది కంపెనీ నష్టం కింద రాసుకోండి. బాకీ ఉన్నంత మాత్రాన కాలు కదపకూడదు అన్న మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు.

ఇక డబుల్ డ్యూటీ. ఇది చెప్పాలంటే మీ క్లయింటును కూడా లోపలికి లాగాలి. నిజానికి ఈ జవాబులో నేను ఎక్కువ కోపంగా ఉన్నది వాళ్ల మీదే.

నూరు రూపాయల వేతనం మీద మీకు పడే చట్టబద్ధమైన ఖర్చు ఎంతో లెక్క వేద్దాం. పీఎఫ్, దాని ఇతర చార్జీలతో కలిపి పదమూడు. ఈఎస్‌ఐ మూడుంపావు. బోనసు 8.33. గ్రాట్యుటీ 4.81. వారానికొక సెలవు ఇస్తే ఆ రోజు బదులు పనికి వచ్చే రిలీవరుకు సుమారు పదహారున్నర. మొత్తం నూటికి నలభై ఆరు. యూనిఫాం, చీపుర్లు, శుభ్రం చేసే మందులు, మీ ఆఫీసు ఖర్చు, మీ లాభం దీనిలో ఇంకా కలపలేదు. జీఎస్టీ వేరు. ఇప్పుడు మీ పెద్ద క్లయింటు కాంట్రాక్టు తీసి, ఒక్కో మనిషికి వాళ్లు ఇస్తున్నది నూటికి ఎంత పడుతోందో చూడండి. నూట ఇరవై ఐదో ముప్పయ్యో అయితే మిగతాది ఎక్కడి నుంచి వస్తోంది? గాలిలోంచి రాదు. రిలీవరును పెట్టకుండా, 'ఈ రోజు నువ్వే ఉండు' అని పదహారు గంటలు నిలబెట్టి, రెట్టింపు ఇవ్వవలసిన ఓవర్‌టైముకు మామూలు రేటు కట్టి, సెలవులు మింగి ఆ లోటు పూడుస్తారు. మీరు పూడ్చకపోతే మీ సైటు సూపర్‌వైజర్ పూడుస్తాడు, మీకు చెప్పడు. అందరికన్నా తక్కువ కొటేషనుకే పని ఇచ్చే కొనుగోలు విభాగం ఒక గదిలో, 46 ప్రశ్నల ఫారం పంపే విభాగం పక్క గదిలో కూర్చుంటాయి. వాళ్లిద్దరూ కలిసి ఎప్పుడైనా టీ తాగారో లేదో మరి.

బేరం ఆడటానికి మీ చేతిలో కొన్ని ఆధారాలు ఉన్నాయి. కాంట్రాక్టరు వేతనం చెల్లించకపోతే ప్రధాన యజమాని, అంటే పని చేయించుకునే క్లయింటు, చెల్లించాలని కొత్త కోడ్ కూడా చెబుతోంది, పాత చట్టమూ అదే చెప్పింది. అంటే మీ దగ్గర లోటు వస్తే బాధ్యత వాళ్ల దాకా పోతుంది. మీరు సూక్ష్మ లేదా చిన్న సంస్థగా ఉద్యమ్ పోర్టల్‌లో నమోదై ఉంటే బిల్లు నలభై ఐదు రోజులు దాటకుండా చెల్లించాలి, దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. మీరేమో ఏడో తేదీన జీతాలు వేయాలి, వాళ్లేమో తొంభై రోజులకు చెల్లిస్తారు, మధ్యలో వడ్డీకి తెచ్చి నడుపుతారు. ఆ వడ్డీ కూడా చివరికి చీపురు పట్టిన చేతి మీదే పడుతుంది. ఫారంతో పాటు ఈ లెక్కను ఒక పేజీలో రాసి జతపరచండి. ఇలాంటి ఫారం పంపినవాళ్లకు ఇది కాదనలేని కాగితం.

సరఫరాదారుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మీ స్థాయి కంపెనీ మలేసియా ఫ్యాక్టరీకి వెళ్లి చూడలేదు, ఎవరూ అడగకూడదు కూడా. కానీ ఏ వస్తువు వెనక ఏముందో తెలిసి ఉండాలి. ప్రపంచంలో వాడే రబ్బరు గ్లవుజుల్లో చాలా భాగం మలేసియాలో తయారవుతాయి. అక్కడి పెద్ద కంపెనీ ఒకటి తయారుచేసిన గ్లవుజులను అమెరికా కస్టమ్స్ 2020 జూలైలో ఆపేసింది. నేపాల్, బంగ్లాదేశ్ వంటి దేశాల నుంచి వచ్చిన కార్మికులు ఏజెంట్లకు కట్టిన ఫీజుల అప్పులో కూరుకుపోయి పని చేస్తున్నారన్నది ప్రధాన ఆరోపణ. చివరికి ఆ కంపెనీ 13 కోట్ల రింగిట్లకు పైగా కార్మికులకు తిరిగి చెల్లించింది, ఆ తర్వాతే నిషేధం ఎత్తేశారు. మీ మేస్త్రీ తీసుకునే రెండు వేలకూ దానికీ తేడా సున్నాల్లోనే ఉంది. యూనిఫాం బట్ట తమిళనాడు నూలు మిల్లులదైతే 'సుమంగళి' పేరు వినే ఉంటారు. ఆడపిల్లలు మూడేళ్లు హాస్టల్లో ఉండి పనిచేస్తే, పెళ్లికి పనికొస్తుందని చివర్లో ఒక్కసారిగా డబ్బు ఇస్తామనే పద్ధతి అది. మధ్యలో వెళ్లిపోతే ఆ మొత్తం దక్కదు. ఇదీ హోల్డ్ జీతమే, కాకపోతే పేరు మంగళకరంగా ఉంది. కొండచీపుర్లు కొంటున్నారా? మన ఏజెన్సీ కొండల్లో వాటిని కోసేది ఆదివాసీలు. సాహుకారు అప్పుకు చీపురు కట్టలు జమ వేసుకునే అలవాటు అక్కడ పాతది. వీలుంటే గిరిజన సహకార సంస్థ ద్వారా వచ్చిన సరుకు అడగండి.

అన్నిటికన్నా దగ్గరి సరఫరాదారును మాత్రం మరవకండి. పండగ ముందు మనుషులు చాలక మీరు వేరే చిన్న కాంట్రాక్టరు నుంచి పది మందిని తీసుకుంటారు. వాళ్ల మస్టరు మీ దగ్గర ఉండదు, వాళ్లకు ఎంత ముట్టిందో మీకు తెలియదు. గ్లవుజుల ఫ్యాక్టరీ గురించి పేజీ నింపి ఈ పది మందిని వదిలేసే పాలసీలే నేను ఎక్కువగా చూశాను. ఇంకొక మాట కూడా. క్లయింటు సెప్టిక్ ట్యాంకు నిండిందని, 'మీ కుర్రాణ్ణి ఒకసారి దించండి' అంటాడు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం నేరం. యంత్రమున్న వాళ్లను పిలిపించమనండి. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలాంటి మరణానికి పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. అయినా ఈ మాట వినగానే మీకు గుర్తు రావలసింది పరిహారం లెక్క కాకూడదు.

ఇప్పుడు ఫారం దగ్గరకు వద్దాం. పేరు మార్చిన పాలసీ ఇవ్వవచ్చా అని అడిగారు. ఇవ్వవద్దు. లండన్ కంపెనీ ఈ ఫారం పంపడానికి కారణం బ్రిటన్‌లోని 2015 చట్టం. ఏడాదికి 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, అంతకు మించి టర్నోవరు ఉన్న సంస్థలు తమ దగ్గరా తమ సరఫరాదారుల దగ్గరా బానిసత్వం లేకుండా చేయడానికి ఏం చేశాయో ఏటా ప్రకటించాలి. ఆ చట్టంలో ఒక వింత ఉంది. 'మేమేమీ చేయలేదు' అని ప్రకటించినా చట్టం ఒప్పుకుంటుంది! బలహీనమైన చట్టమని దాన్ని తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ అందులో ఒకణ్ణి. కానీ మీకు దానిలో ఒక సౌకర్యం ఉంది. మచ్చలేని సమాధానం ఇవ్వమని అది ఎవరినీ బలవంతపెట్టడం లేదు. తీసుకున్న చర్యలు చెప్పమంటోంది. మన దగ్గర కూడా పెద్ద లిస్టెడ్ కంపెనీలను స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇలాంటి వివరాలు అడుగుతోంది కాబట్టి రేపు హైదరాబాదీ క్లయింటు నుంచే ఇంకొక ఫారం వస్తుంది. ఒకసారి అబద్ధం రాస్తే అన్నిటిలో అదే రాయవలసి వస్తుంది.

'మా సంస్థలో ఎటువంటి బలవంతపు చాకిరీ లేదు' అన్న వాక్యం కింద సంతకం పెట్టవద్దు. అది మీకు తెలియదు. దాని బదులు, ఫలానా తేదీన జీతాల ఫైలు పరిశీలించాం, ఇన్ని ఖాతాల్లో తేడా కనిపించింది, ఇన్ని గదులు చూశాం, హోల్డ్ జీతం ఎత్తేసి ఇంతమందికి ఇంత తిరిగి ఇచ్చాం, మేస్త్రీలతో ఈ షరతులు రాయించుకున్నాం, ఇంకా చూడవలసినవి ఇవి అని రాయండి. గడువు పదిహేను రోజులే ఇచ్చి ఉంటే, మరో నెల అడగండి. కాంట్రాక్టు పోతుందేమోనని మీ భయం. పోయే అవకాశం లేదని నేను అనను. నిజం రాసిన సరఫరాదారును తీసేసి, నకలు పాలసీ ఇచ్చినవాణ్ణి పెట్టుకునే కొనుగోలు విభాగాలు ఉన్నాయి. అందుకే ఫారం మెయిల్‌లో పంపకుండా, ముందు వాళ్ల మేనేజరును కలిసి, రేటు లెక్కల పేజీతో పాటు చేతికివ్వండి. మనిషికి మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు 'ఈ రేటుకు ఇదే జరుగుతుంది' అన్న మాట చెప్పడం సులువు, వినకుండా ఉండటం కష్టం.

సూపర్‌వైజర్‌ను ఏం చేయాలని మీరు అడగలేదు, కానీ అడుగుతారు. వెంటనే తీసేయకండి. అతనికి ఎవరూ ఎప్పుడూ వేరే పద్ధతి చెప్పలేదు. మనుషులు తగ్గితే అతని జీతం కోస్తారు, అందుకే మేస్త్రీని మంచి చేసుకుంటాడు. కార్డులు దాచినట్టో, డబ్బు తిన్నట్టో తేలితే సంగతి వేరు, అప్పుడు పోలీసులకు చెప్పవలసిందే. లేకపోతే ఆ అమ్మాయి ఆఖరి లెక్కను అతని చేతే కట్టించండి.

ఫారంలో గత ఏడాదిలో ఇలాంటి ఘటన ఏదైనా మీ దృష్టికి వచ్చిందా అన్న ప్రశ్న తప్పకుండా ఉంటుంది. దాని పక్కన ఇప్పుడే ఏమీ రాయకండి. ఆ అమ్మాయితో మాట్లాడి, ఆమె కార్డూ కాగితాలూ ఆమె చేతికి వచ్చాక, వెళ్లాలనుకుంటే రైలు ఎక్కాక, ఉండాలనుకుంటే తన ఇష్టంతో ఉన్నట్టు మీకు నమ్మకం కుదిరాక రాయండి. అవును, ఒకటి. కింద తేదీ వేయండి. ఆమె పేరు మాత్రం రాయకండి.